పక్కింట్లో చితుకుల బుట్ట

మూడేళ్ల కిందట సంక్రాంతి సెలవులకి మా మనవడు వచ్చి నా కంప్యూటర్‌ని కుర్రదాన్ని చేసి వెళ్లాడు. 2014లో మా వీధి చివరి కొట్లో విడిభాగాలు తెప్పించి బిగింపించుకున్న డెస్క్‌టాప్ అది. దాని మీట నొక్కి, వెళ్లి కాఫీ కలుపుకుని, పేపర్లో మొదటి పేజీ పూర్తిచేసి వచ్చేసరికి తెర మీద ఏదో కదలిక కనబడేది. నాకేమీ తొందర లేదు కనక ఇబ్బందీ లేదు. వాడు మాత్రం చూడలేకపోయాడు. "తాతయ్యా, ఇది ఎడ్లబండి. నీకు ఎస్ఎస్‌డీ తెచ్చా" అంటూ సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో కొన్న వస్తువొకటి సంచిలోంచి తీశాడు. జేబు డైరీ అంత ఉంది. ఊపి చూశాను. చప్పుడు లేదు, బరువూ లేదు.

భోగి నాడు మధ్యాహ్నం నిద్ర మానేసి వాడు దాన్ని బిగించాడు. పెన్‌డ్రైవ్‌తో విండోస్ 10 ఎక్కించాడు. పాత 500 జీబీ హార్డ్ డిస్కుని ఉన్నచోటే ఉంచేశాడు, మా ఇంటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి కనక. ఇక మీట నొక్కితే కాఫీకి లేచే వ్యవధి కూడా ఇవ్వడం లేదు. ఆ మాటే అంటే మా ఆవిడ, "మీ కాఫీకి కంప్యూటర్ ఎందుకండీ వంక" అంది.

మార్చి నెలాఖరులో పాత డిస్కు టక్కు టక్కుమనడం మొదలుపెట్టింది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు రిలేల చప్పుళ్ల మధ్య బతికినవాణ్ని. లోహం చేసే చప్పుడులో ఏది ఆరోగ్యమో ఏది జబ్బో నా చెవికి తెలుస్తుంది. డిస్కు లోపల గిరగిరా తిరిగే పళ్లెం మీద సూదిలాంటి చెయ్యి తన గీత కోసం వెతికి, దొరక్క మొదటికొచ్చి, మళ్లీ వెతికితే వచ్చే చప్పుడు అది. వెంటనే ఫొటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. కరెంటు కట్టేసి, పక్క రేకు విప్పి, ఆ డిస్కుకున్న రెండు తీగలూ లాగేశాను. పీడా పోయిందనుకుని మీట నొక్కాను.

నల్లటి తెర. మీద తెల్లటి అక్షరాలు: రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్.

విండోస్ ఉన్నది ఎస్ఎస్‌డీలో. నేను తీసింది ఫొటోల డిస్కుని. పెరట్లో పాత పాక పీకేస్తే ఇంట్లో దీపాలన్నీ ఆరిపోయినట్టుంది. వాడికి ఫోన్ చేశాను.

"తాతయ్యా, డిలీట్ మీట కొడుతూ సెటప్‌లోకి వెళ్లు. ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తోందా?"

"కనిపిస్తోందిరా."

"మరైతే రావాలే!"

"రావాలనే నేనూ అంటున్నా. అది అనడం లేదు."

వరస మార్చి చూడమన్నాడు. మార్చాను. బూట్ వరసలో దాన్ని పైకి, దీన్ని కిందకి, పెన్‌డ్రైవ్‌ని ఇంకా పైకి, నాకు తోచినట్టల్లా జరిపాను. ఏమీ లాభం లేదు. మర్నాడు ల్యాబ్ పరీక్ష ఉందని వాడు ఫోన్ పెట్టేశాడు. అదీ మంచిదే అయింది, ఆలోచించే పని నాకు మిగిలింది.

కంప్యూటర్ నిద్ర లేవడమంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. కరెంటు పోయాక ర్యామ్‌లో ఏమీ మిగలదు, కడిగిన పలక. ప్రాసెసర్ ఏ పని చెయ్యాలన్నా దానికి ఎవరో ఆదేశాలు ఇవ్వాలి. ఆదేశాలు డిస్కులో ఉన్నాయి. డిస్కులోంచి వాటిని తేవడానికి మళ్లీ ఆదేశాలు కావాలి. విత్తు ముందా, చెట్టు ముందా? ఇంగ్లీషువాళ్లు దీనికి, బూట్ల వెనక ఉండే పట్టీ పట్టుకుని తనను తానే పైకి లాగుకోవడం అని ఒక సామెత కట్టారు. బూట్ అనే మాట అక్కణ్ణుంచి వచ్చిందే. 1975లో ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటర్ వచ్చినప్పుడు ఈ తొలి ఆదేశాలని మనిషే ఇచ్చేవాడు. ముందు పలక మీది మీటల్ని పైకీ కిందకీ వేస్తూ ఒక్కొక్క అంకే ఎక్కించాలి. కరెంటు పోతే మళ్లీ మొదటినుంచీ.

నాకు బూట్లకన్నా పొయ్యి బాగా తెలుసు. కోనసీమలో మా అమ్మమ్మగారింట్లో రాత్రి వంటయ్యాక నిప్పు ఆర్పేవాళ్లు కాదు. ఒక కణికని బూడిదలో కప్పెట్టేవాళ్లు. పొద్దున్నే నివురు ఊది, ఆ కణిక మీద కొబ్బరి పీచు పెట్టి, పీచు అంటుకోగానే చితుకులు వేసి, చితుకులు మండాక దుంగ పెట్టేవాళ్లు. కణిక మీద తిన్నగా దుంగ పెడితే పొగే తప్ప మంట రాదు.

కంప్యూటర్ కూడా అచ్చంగా ఈ వరసలోనే అంటుకుంటుంది. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో, కరెంటు పోయినా చెరగకుండా కొన్ని ఆదేశాలు ఉంటాయి. పాత పేరు బయాస్, కొత్త పేరు యూఈఎఫ్ఐ. అదే నివురుగప్పిన నిప్పు. 1978 నాటి 8086 నుంచీ ఇంటెల్ వంశపు ప్రాసెసర్లు లేవగానే మొదట చూసే చోటు ఒకటే, చిరునామాల వరస చివరికి 16 బైట్ల ముందు. అక్కడ ఈ చిప్పు పలుకుతుంది. మెమరీ ఉందా, కీబోర్డు ఉందా, డిస్కులేవి అని చూసుకుని, తనకు రాసిపెట్టిన వరసలో మొదటి డిస్కు తలుపు తడుతుంది.

పాత పద్ధతిలో ఆ డిస్కు మొట్టమొదటి గదిలో ఉండేది 512 బైట్లు. దాని పేరు ఎంబీఆర్. 1983లో ఐబీఎం వాళ్ల పీసీ డాస్ 2.0తో వచ్చిన ఏర్పాటు. ఆ 512లో 446 బైట్లు ఆదేశాలకి. 64 బైట్లు డిస్కుని ఎన్ని వాటాలు వేశారో చెప్పే పట్టికకి, నాలుగే నాలుగు వాటాలు. ఆఖరి రెండు బైట్లు సంతకం. ఆ రెంటినీ ఒకట్లూ సున్నాలుగా విడదీస్తే 01010101, 10101010, గళ్ల తువ్వాలు నేసినట్టు ఉంటాయి. ఈ సంతకం లేకపోతే ఇది బూట్ చేసే డిస్కు కాదని చాలా బోర్డులు వెనుదిరుగుతాయి. 446 బైట్లంటే ఎంతనుకున్నారు? తెలుగులో రాస్తే ఒక్కో అక్షరానికీ ఒక్కో గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు చొప్పున 148 గుర్తులు కూడా దాటవు. ఈ పేరాలో సగం కూడా పట్టదు అందులో. అదీ కొబ్బరి పీచు. అది వెళ్లి చితుకుల్ని అంటిస్తుంది, విండోస్‌లో వాటి పేరు బూట్ మేనేజర్. చితుకులు దుంగని అంటిస్తాయి, అంటే అసలు విండోస్‌ని.

ఆ రాత్రి నాకు వచ్చిన అనుమానం ఇది. దుంగ ఎస్ఎస్‌డీలో ఉంది సరే. చితుకులు ఎక్కడున్నాయి?

పొద్దున్నే పాత డిస్కు తీగలు మళ్లీ తగిలించాను. కంప్యూటర్ ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే దొంగ దొరికాడు. పాత డిస్కు మొదట్లో 100 ఎంబీల చిన్న ముక్క ఒకటి ఉంది, ఎప్పుడో విండోస్ 7 నాడు ఏర్పడింది. దాని మీద సిస్టమ్, యాక్టివ్ అని రాసుంది. ఎస్ఎస్‌డీలోని సీ డ్రైవ్ మీద బూట్ అని రాసుంది. ఇక్కడ మైక్రోసాఫ్ట్ వాళ్ల నామకరణం గురించి ఒక్క మాట. బూట్ చేయించే ఫైళ్లు ఉన్న ముక్కకి సిస్టమ్ అని, సిస్టమ్ ఉన్న ముక్కకి బూట్ అని పేరు పెట్టారు. పొరపాటున రాసింది కాదు, వాళ్ల పుస్తకాల్లోనూ అంతే. మా ఊళ్లో పెద్దాయన్ని బుజ్జిగాడని, పసివాణ్ని పెద్దయ్యని పిలిచే ఇల్లొకటి ఉండేది, సరిగ్గా అలాగే.

జరిగింది ఇదీ. మా వాడు విండోస్ ఎక్కించేటప్పుడు రెండు డిస్కులూ తగిలించే ఉన్నాయి. ఎక్కించే ప్రోగ్రాం చుట్టూ చూసింది. పక్కింట్లో అప్పటికే చితుకుల బుట్ట ఉంది, మళ్లీ కొత్తది ఎందుకని తన చితుకుల్నీ అందులోనే పడేసింది. దుంగ మాత్రం కొత్తింట్లో పెట్టింది. రెండిళ్లూ ఉన్నన్నాళ్లు ఎవరికీ తెలియలేదు. నేను పక్కింటివాణ్ని ఖాళీ చేయించాను, మా పొయ్యి చల్లారింది.

మందు చిన్నదే. విండోస్ లేచి ఉండగానే ఎస్ఎస్‌డీలోని సీ ముక్కకి యాక్టివ్ అనే బొట్టు పెట్టాను. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి బీసీడీబూట్ అనే ఆదేశం ఇచ్చాను. దానికి రెండు సంగతులు చెప్పాలి, దుంగ ఎక్కడుందో, చితుకులు ఎక్కడ పెట్టాలో. రెంటికీ సీ అనే చెప్పాను. క్షణంలో అయిపోయింది. కట్టేసి, పాత డిస్కు తీగలు లాగి, మీట నొక్కితే లేచింది. మా వాడికి ఫోన్ చేసి, "ఒరేయ్ నాన్నా, పెట్టింది నువ్వు, ఆర్పింది నేను, మళ్లీ వెలిగించిందీ నేనే" అన్నాను. వాడు తర్వాత హాస్టల్లో స్నేహితుల కంప్యూటర్లలో విండోస్ ఎక్కించేటప్పుడు మిగతా డిస్కులన్నీ పీకేసి ఎక్కిస్తున్నాడట.

కొత్త కంప్యూటర్లలో ఎంబీఆర్ బదులు జీపీటీ ఉంటుంది. ఎందుకు మారిందంటే పాత పట్టికలో డిస్కు గదుల్ని లెక్కపెట్టడానికి 32 బిట్లే ఉన్నాయి. గదికి 512 బైట్ల చొప్పున లెక్కేస్తే సుమారు 2.2 లక్షల కోట్ల బైట్ల దగ్గర, అంటే రెండు టీబీల పైచిలుకు దగ్గర, లెక్క ఆగిపోతుంది. నాలుగు టీబీల డిస్కు కొని ఎంబీఆర్ పద్ధతిలో పెడితే సగం పొలం బీడే. జీపీటీలో ఆ హద్దు లేదు. విండోస్‌లో 128 వాటాలు వేసుకోవచ్చు, పైగా పట్టిక నకలు డిస్కు చివర ఇంకొకటి ఉంటుంది. చితుకులకి ఒక ప్రత్యేకమైన గది, పేరు ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్. అందులో ఏ ఫైలు అంటించాలో బోర్డు తన చిప్పులో రాసుకుంటుంది. తంటా ఏమిటంటే, పాత పద్ధతిలో లేచే విండోస్‌కి ఎంబీఆర్ డిస్కే కావాలి, కొత్త పద్ధతిలో లేచేదానికి జీపీటీ డిస్కే కావాలి. ఒక డిస్కు అలాగా ఇంకొకటి ఇలాగా ఉన్న ఇళ్లలో, బోర్డు సెటప్‌లో ఎవరైనా పాత పద్ధతికి వీలిచ్చే సీఎస్ఎం అనే మీట అటూ ఇటూ మార్చారంటే నిన్నటిదాకా లేచింది ఇవాళ లేవదు. పక్కింటి బుట్టలో చితుకులు పడేసే అలవాటు మాత్రం ఇక్కడా పోలేదు.

టెలిఫోన్ ఫాల్టు వెతికేటప్పుడు మేము ఊరంతా తీగ పట్టుకు తిరిగేవాళ్లం కాదు. మొదట ఎక్స్ఛేంజీలో తీగలన్నీ చేరే ఎండీఎఫ్ చట్రం దగ్గర లైను విడదీసి, గోల ఇటువైపు ఉందా అటువైపు ఉందా తేల్చుకునేవాళ్లం. తర్వాత వీధిలో పిల్లర్ పెట్టె దగ్గర, తర్వాత ఇళ్ల దగ్గరి డీపీ పెట్టె దగ్గర. ఇక్కడా అంతే. మొదటి ప్రశ్న, సెటప్ తెరలో డిస్కు పేరు కనబడుతోందా? కనబడకపోతే విండోస్‌ని తిట్టి లాభం లేదు, తీగ వదులో, పవర్ తీగ ఊడిందో, డిస్కు పోయిందో. పేరు కనబడి, బూట్ డివైస్ లేదని తెల్ల అక్షరాలొస్తే చితుకుల గోల. విండోస్ బొమ్మ వచ్చి, చుక్కలు గుండ్రంగా తిరిగి, అప్పుడు నీలి తెర వస్తే చితుకులు బాగానే మండాయి, దుంగ దగ్గరే ఏదో జరిగిందని అర్థం.

ఆ మూడో రకం మా వీధిలోని రిటైర్డ్ హెడ్మాస్టరుగారింట్లో చూశాను. ఆయన వేసవిలో రెండు నెలలు కూతురి దగ్గరికి వెళ్లొచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే, నీలి తెర మీద ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వచ్చింది. "మాస్టారూ, గడియారం ఎంత చూపిస్తోంది?" అని అడిగాను. ఎన్నో ఏళ్ల కిందటి జనవరి ఒకటో తారీఖు చూపిస్తోంది. ఇక వెతకడానికేముంది! బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032. ఆ పేరులోనే కొలతలున్నాయి, అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించేదీ, చాలా బోర్డుల్లో సెటప్ అమరికల్ని గుర్తుంచుకునేదీ అదే. గోడ స్విచ్చి వేసి ఉంటే కంప్యూటర్ కట్టేసినా సన్నటి ధారలా కరెంటు వస్తూ ఆ సెల్‌కి పని తగ్గిస్తుంది. మనమేమో పొదుపనీ పిడుగులనీ గోడ దగ్గరే కట్టేస్తాం. అది తప్పని నేననను, మా ఇంట్లోనూ అంతే. కాని సెల్ తొందరగా అరుగుతుంది.

సెల్ చచ్చాక బోర్డు తన పుట్టుక నాటి అమరికలకి వెళ్లిపోయింది. అందులో సాటా డిస్కుతో ఏ భాషలో మాట్లాడాలన్నది ఒకటి, ఏహెచ్‌సీఐ అనీ ఐడీఈ అనీ రెయిడ్ అనీ ఉంటాయి. మాస్టారి విండోస్ ఏహెచ్‌సీఐకి అలవాటుపడింది. బోర్డు ఐడీఈ భాషలో పలకరించేసరికి తన ఇల్లే తనకి కనబడక కూలబడింది. కొత్త సెల్ వేసి, అమరిక తిరిగి మార్చితే సరిపోయింది. ఆయన అప్పటికే మొత్తం ఫార్మాట్ చేయించడానికి ఒక కుర్రాడితో బేరమాడి ఉన్నారు!

ఇలాంటి అమరికలు ముట్టుకునే ముందు ఒక జాగ్రత్త. డిస్కుకి బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే, బోర్డులో చిన్న మార్పు జరిగినా అది అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఎక్కడ రాసిపెట్టుకున్నారో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. రిపేరు పెన్‌డ్రైవ్‌తో లేచినప్పుడు సీ డ్రైవ్ డీ అయిపోవచ్చు, పేరుని నమ్మకుండా లోపల విండోస్ ఫోల్డరు ఉందో లేదో చూసుకోవాలి. డిస్క్‌పార్ట్ అనే పనిముట్టులో క్లీన్ అనే మాట ఉంది. పేరు విని ఇల్లు ఊడుస్తుందనుకోకండి, ఇల్లు పట్టాతో సహా ఎగరగొడుతుంది. రెండు డిస్కులున్నప్పుడు ఏది ఏదో పరిమాణం చూసి తేల్చుకోకుండా ఆ మాట టైపు చెయ్యకూడదు.

డిస్కుల మధ్య తగవులు ఇప్పటివి కావు. సాటా రాకముందు ఐడీఈ రోజుల్లో ఒకే వెడల్పాటి పట్టీ తీగకి రెండు డిస్కులు తగిలించేవాళ్లం. ఒకటి మాస్టర్, ఒకటి స్లేవ్. వెనక సూదుల మీద జంపర్ అనే చిట్టి టోపీని ఎక్కడ పెడితే అదీ హోదా. రెంటికీ మాస్టర్ హోదా ఇచ్చామో, ఒక ఒరలో రెండు కత్తులు, చాలాసార్లు ఒక్కటీ కనబడేది కాదు. ఆ జంపర్ కింద పడితే వెతకడానికి మా అమ్మాయిని కూచోబెట్టేవాణ్ని. మనవడి తల్లే లెండి, చిన్నప్పటి చూపు.

ఇప్పటి కొత్త వస్తువు ఎం.2 పుల్ల, చూయింగ్ గమ్ ముక్కలా ఉంటుంది. 2280 అని దాని పేరు, అదీ కొలతే, వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు. ఒకే ఆకారంలో ఉండి కొన్ని సాటా భాష మాట్లాడతాయి, కొన్ని ఎన్‌వీఎంఈ. సాటా దారిలో సెకనుకి 600 ఎంబీలు దాటవు. ఎన్‌వీఎంఈ మూడు వేలు దాటి పోతుంది. ఈ పుల్ల గుచ్చగానే కొన్ని బోర్డుల్లో ఒకటి రెండు సాటా గూళ్లు పనిచెయ్యడం మానేస్తాయి. కొత్తల్లుడు వచ్చి కూర్చుంటే పిల్లలు కుర్చీలు వదిలి లేచినట్టు, ఆ దారులు రెండింటికీ ఉమ్మడి. పాత డిస్కు మాయమైందని గాభరా పడకుండా తీగని ఇంకో గూటికి మార్చి చూడాలి. ఎన్‌వీఎంఈ ప్రమాణం 2011లో వచ్చింది. నా బోర్డులాంటి పాతవాటికి ఆ భాష రాదు. పుల్లని అడాప్టరులో పెట్టి తగిలిస్తే విండోస్ లేచాక కనబడుతుంది గాని, దానిలోంచి లేవడం బోర్డు వల్ల కాదు. లినక్స్ వాడే మా వాడి స్నేహితుడు దీనికి ఒక ఉపాయం చేశాడు. చితుకుల్నీ కెర్నెల్‌నీ పాత సాటా డిస్కులో పెట్టి, మిగతా సంసారమంతా ఎన్‌వీఎంఈలో పెట్టాడు. కెర్నెల్ ఒకసారి అంటుకుందంటే దానికి ఆ భాష సొంతంగా వచ్చు, బోర్డు సాయం అక్కర్లేదు. మా ఇంట్లో తెలియక జరిగిన పనే, అక్కడ తెలిసి చేసిన ఏర్పాటు.

నా కంప్యూటర్ బాగుపడ్డ మర్నాడు పొద్దున ఏం జరిగిందో మా వాడికి ఇంతవరకూ చెప్పలేదు. మీట నొక్కాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఈసారి మాటలు వేరు: రిమూవ్ డిస్క్స్ ఆర్ అదర్ మీడియా, ప్రెస్ ఎనీ కీ టు రీస్టార్ట్. గుండె జారింది. బీసీడీబూట్‌లో ఏం తప్పు చేశానా అని కాగితం తీసి చదువుతున్నాను. మా ఆవిడ పక్కకొచ్చి, "ఆ ఎర్రదీపం ఏమిటండీ, ముందర వేలాడుతోంది?" అంది. ఫొటోలు ఎక్కించిన పెన్‌డ్రైవ్. బాగుపడ్డాక మళ్లీ గుచ్చి, తియ్యడం మరిచిపోయాను. బూట్ వరసలో దాన్ని అందరికన్నా పైన కూర్చోబెట్టిందీ నేనే. దాన్ని పీకి, స్పేస్ బార్ నొక్కి, ఏమీ జరగనట్టు కాఫీ అడిగాను.